డ్వార్ఫ్ హ్యామ్‌స్టర్ పిల్లల పెంపకం, మచ్చిక: తిరుపతి, చిత్తూరు సభ్యుల చర్చ

తిరుచానూరు అమ్మ

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎంతో కాలంగా అడుగుతుండడంతో, వాళ్ల మేనమామ పోయిన వారం చెన్నై నుంచి రెండు డ్వార్ఫ్ హ్యామ్‌స్టర్ (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువు) పిల్లలను తెచ్చి ఇచ్చారు. వాటికి ఐదు వారాల వయసు ఉంటుందని, జంటగా ఉంటేనే సంతోషంగా ఉంటాయని దుకాణంవారు చెప్పి, ఒక చిన్న తీగల పంజరం, తీగలతోనే చేసిన చక్రం, సంచిడు రంపపు పొట్టు కూడా కలిపి అమ్మారట. రెండూ బూడిద రంగులో ఉన్నాయి, వెన్ను మీదుగా నల్లటి చార ఉంది. చేయి లోపల పెడితే మూలకు పారిపోతాయి. ఒకటి కీచుమని అరుస్తుంది, రెండోది నిన్న అమ్మాయి వేలు కొరికింది. రాత్రంతా పంజరం తీగలు కొరుకుతూనే ఉంటాయి. వీటిని ఎలా మచ్చిక చేసుకోవాలో, ముంచుకొస్తున్న మన ఎండల్లో ఎలా కాపాడుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఎం.ఆర్.పల్లె మాస్టారు

అమ్మా, మచ్చిక గురించి తప్పకుండా మాట్లాడుకుందాం. దానికంటే ముందు ఈ రాత్రే చేయవలసిన పని ఒకటి ఉంది. ఆ రెండింటిలో ఏది మగదో, ఏది ఆడదో మీకు ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే, తెలిసేదాకా వాటిని వేరువేరుగా ఉంచండి. రెండో పంజరం ఇప్పటికిప్పుడు దొరకదు కాబట్టి, మూతకు గాలి రంధ్రాలు చేసిన పెద్ద ప్లాస్టిక్ డబ్బా అయినా సరిపోతుంది.

దుకాణాల్లో "జంట" అని అమ్మే వాటిలో ఒకటి మగది, ఒకటి ఆడది అయితే నెల తిరగకుండా ఇంట్లో పిల్లలు పుడతాయి. రెండూ ఒకే జాతి అయినా, ఒకే ఈత పిల్లలైనా, పెద్దవవుతున్నకొద్దీ ఒకదాన్ని మరొకటి తరమడం, తిండి దగ్గరికి రానివ్వకపోవడం, చివరికి నెత్తురు కారేలా కొట్టుకోవడం మామూలే. పెద్ద స్థలంలో చిన్ననాటి నుంచి కలిసి పెరిగిన ఒకే లింగపు డ్వార్ఫులు కొన్ని సర్దుకుపోవచ్చు గానీ, మీరు చెప్పిన చిన్న పంజరంలో అది జరిగే పని కాదు. అవి తీగలు కొరకడం కూడా అల్లరి అనుకోకండి. స్థలం చాలక, తవ్వుకోవడానికి ఏమీ లేక చేసే పని అది.

పశువైద్య విద్యార్థిని

మాస్టారు చెప్పినట్టు ముందు లింగం తేల్చుకోవాలి. చేత్తో పట్టుకుని తిరగేయవలసిన అవసరం లేదు. శుభ్రమైన, వెడల్పాటి గాజు గ్లాసులోకి దాన్నంతట అది వెళ్లేలా చేసి, గ్లాసును కాస్త పైకెత్తి అడుగు నుంచి చూడండి. మలద్వారానికి, మూత్రద్వారానికి మధ్య ఎడం బాగా కనిపిస్తే మగది. రెండూ దాదాపు ఆనుకుని ఉంటే ఆడది. మగదానికి పొట్ట మధ్యలో బొడ్డు ఉండవలసిన చోట పసుపుపచ్చగా, కాస్త జిడ్డుగా ఒక మచ్చ కనిపిస్తుంది. అది వాసన గ్రంథి. పుండనుకుని మందు రాయకండి.

తొందర ఎందుకంటే, డ్వార్ఫ్ జాతులు ఐదు వారాలకే, ఒక్కోసారి అంతకంటే ముందే ఎదకు వస్తాయి. గర్భకాలం 18 నుంచి 21 రోజులు మాత్రమే. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలవు. మరో మాట: వెన్ను మీద చారతో దుకాణాల్లో దొరికేవి కాంప్‌బెల్, వింటర్ వైట్ అనే రెండు జాతుల్లో ఒకటి కావచ్చు, రెండింటి సంకరం కూడా కావచ్చు. అటువంటి సంకర జాతి ఆడవాటికి కాన్పు కష్టమయ్యే ప్రమాదం ఉంది కనుక, పిల్లలు ముచ్చటగా ఉంటాయని ఈనించాలనే ఆలోచన ఎవరూ పెట్టుకోవద్దని నా మనవి.

తిరుచానూరు అమ్మ

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. గ్లాసులో ఉంచి చూశాము. ఒకటి మగది, మీరు చెప్పిన పసుపు మచ్చ స్పష్టంగా ఉంది. రెండోది ఆడదే. వెంటనే వేరు చేశాము. అయితే ఆడదాని పొట్ట రెండు పక్కలా ఉబ్బి బేరిపండు ఆకారంలో కనిపిస్తున్నది. రోజంతా కాగితాలు చించి గూడు కట్టుకుంటున్నది. ఇప్పుడేమి చేయాలి?

పశువైద్య విద్యార్థిని

మీరు చెప్పే లక్షణాలు చూలుకు సరిపోతాయి. ఆడదాన్ని దాని స్థానంలోనే ఉంచి, మగదాన్ని వేరే చోటికి మార్చండి. గూటికి గుడ్డలు, దూది పెట్టకండి. దూది పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి, మింగితే పేగుకు అడ్డం పడతాయి. వాసన లేని తెల్ల టిష్యూ కాగితం చించి పంజరంలో ఒక పక్కన వేస్తే చాలు, గూడు అదే కట్టుకుంటుంది. ఉడికించిన గుడ్డు తెల్లసొన చిన్న ముక్క రోజు విడిచి రోజు పెట్టండి.

ఈనిన తరువాత సుమారు రెండు వారాలపాటు గూడు కదపకండి, పంజరం కడగకండి, పిల్లలను ముట్టకండి. తొలిచూలు తల్లి భయపడితే, పిల్లలకు పరాయి వాసన అంటితే, నీళ్లో మాంసకృత్తులో చాలకపోతే, అది పిల్లలను తినేయవచ్చు. తిండి, నీళ్లు పెట్టడానికి తప్ప చేయి లోపలికి పోకూడదు. ఈ విషయం అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి.

సంతపేట, చిత్తూరు

చూలుతో ఉన్నదాని సంగతి సరే. మగపిల్ల విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దని నా అభిప్రాయం. పిల్లగా ఉన్నప్పుడే రోజూ చేతిలోకి తీసుకుని అలవాటు చేస్తే మచ్చిక అవుతుంది. మొక్కై వంగనిది మానై వంగుతుందా? మా ఇంట్లో మొదటి రోజు నుంచే దోసిట్లో పట్టుకుని తిప్పేవాళ్లం. మొదట్లో మల విసర్జన చేసేది, వణికేది. తరువాత కదలకుండా కూర్చోవడం నేర్చుకుంది.

ఎం.ఆర్.పల్లె మాస్టారు

సంతపేట మిత్రులు చిన్న వయసులోనే మొదలుపెట్టాలన్న మాటతో నేను ఏకీభవిస్తాను. పద్ధతితో మాత్రం ఏకీభవించలేను. కదలకుండా కూర్చోవడం మచ్చికకు గుర్తు కాదు. భయం ముదిరినప్పుడు ఈ ప్రాణి బిగుసుకుపోతుంది. చెవులు వెనక్కి అణచి, కళ్లు పెద్దవి చేసి, పొట్ట నేలకు ఆనించి ఉంటే అది ప్రాణభయమే. మచ్చికైనది మన చేతి మీద కూర్చుని మొహం తుడుచుకుంటుంది, గింజ ఒలుచుకుని తింటుంది, దిగిపోయి మళ్లీ తనంత తానే ఎక్కుతుంది.

వీటి కోణంలోంచి ఆలోచించండి. ఇవి మంగోలియా, సైబీరియా, కజకిస్తాన్ ప్రాంతాల గడ్డి మైదానాల్లో బొరియలు తవ్వుకుని బతికే జీవులు. ముప్ఫై నలభై గ్రాముల బరువు. డేగ, గుడ్లగూబ పైనుంచి వాలి తన్నుకుపోతాయి కాబట్టి, పైనుంచి ఏది దిగినా అది మృత్యువే అని పుట్టుకతోనే తెలుసు. చూపు మందం; లోకమంతా వాసనతో, చప్పుడుతో గుర్తుపడతాయి. మనం పైనుంచి చేయి దించి పట్టుకున్నప్పుడు దానికి కలిగే అనుభవం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

నేను పాటించే క్రమం చెబుతాను. కొత్తగా వచ్చిన పిల్లను మొదటి కొన్ని రోజులు పూర్తిగా వదిలేయాలి. తిండి, నీళ్లు పెట్టేటప్పుడు మాత్రం మెల్లగా ఏదో ఒక మాట, రోజూ అదే మాట, అదే గొంతుతో అనాలి. ఒక టిష్యూ ముక్కను కాసేపు చొక్కా లోపల ఉంచుకుని, మన వాసన పట్టాక గూటికి దగ్గరగా వేస్తే, అది దాన్ని లాక్కెళ్లి పరుపులో కలుపుకుంటుంది. అలా మన వాసన దాని పడకగది వాసనలో భాగమవుతుంది. సాయంత్రం అది తనంత తాను లేచి తిరుగుతున్నప్పుడు, వాసన లేని సబ్బుతో చేతులు కడుక్కుని, అరచేతిని వెల్లకిలా నేలకు ఆనించి పక్క నుంచి లోపల పెట్టి, కదపకుండా ఉంచాలి. మొదట వాసన చూసి పారిపోతుంది. పోనివ్వండి. మరోనాడు వేలిని మెల్లగా కొరికి చూస్తుంది. నెత్తురు రాని ఆ చిన్న కొరుకు ఇది తిండా కాదా అని పరీక్షించడమే. అప్పుడు చేయి విదిలిస్తే, కొరికితే చేయి పోతుందని నేర్చుకుంటుంది. ఓపిగ్గా ఉంచితే ఒకనాడు అరచేతిలోని గింజ కోసం ముందు కాళ్లు మోపుతుంది, తరువాత నాలుగు కాళ్లూ. అప్పుడు కూడా పైకెత్తకూడదు. అది ఎక్కి దిగడం అలవాటయ్యాక, రెండో చేయి దోసిలిలా అడ్డుపెట్టి రెండు మూడు అంగుళాలు ఎత్తి, వెంటనే దించాలి.

నిద్రపోతున్న దాన్ని ఎప్పుడూ లేపకండి. పగలు బడి నుంచి వచ్చిన పిల్లలు ఆడుకోవడానికి లేపడం వల్లే ఎక్కువ కాట్లు పడతాయి. వేళ్లకు పప్పు, నెయ్యి వాసన ఉన్నా కొరుకుతుంది. దాని తప్పు ఏమీ లేదు.

పలమనేరు పెంపకందారు

మాస్టారి మాటకు రెండు చేర్పులు. మొదటిది, అన్నీ ఒకే తీరున మచ్చికవుతాయని ఆశ పెట్టుకోకండి. నా దగ్గర ఉన్నవి రోబోరోవ్‌స్కీలు. డ్వార్ఫుల్లో అన్నిటికంటే చిన్నవి, ఇరవై గ్రాములు దాటితే గొప్ప. చేతి మీదికి వచ్చి గింజ తీసుకుంటాయి, రెప్పపాటులో వెళ్లిపోతాయి, చేతిలో కూర్చోవడం వాటి స్వభావంలో లేదు. వాటిని చూసి ఆనందించాలి తప్ప పట్టుకుని ఆనందించాలనుకోకూడదు. కాంప్‌బెల్, వింటర్ వైట్‌లు మనిషికి ఎక్కువగా అలవాటు పడతాయి. వాటిలో కూడా కాంప్‌బెల్ తన గూటిని కాపాడుకునే పట్టుదలతో పంజరంలో చేయి పెడితే మీదికి వస్తుంది, బయట అదే చేతి మీద నెమ్మదిగా ఉంటుంది.

అందువల్ల రెండో చేర్పు: మచ్చికకు పంజరం బయట ఒక స్థలం ఏర్పాటు చేసుకోండి. ఎండిన స్నానాల గదిలో నీటి జాలీని గట్టిగా మూసి, తలుపు కింది సందులో గుడ్డ దోపి, నేల మీద కూర్చోండి. పిల్లను చేత్తో తీసుకురాకండి. ఒక మగ్గునో, అట్ట గొట్టాన్నో దాని ముందు పెడితే దూరుతుంది, అలాగే మోసుకురండి. గింజలు నాలుగు ఒళ్లో, చుట్టూ చల్లి ఊరకే కూర్చుంటే మీ కాళ్ల మీదుగా తిరుగుతుంది. అక్కడ అది మీ దగ్గరికి వస్తుంది, మీరు దాని దగ్గరికి వెళ్లరు. ఫినాయిల్ వాసన ఉన్న రోజు మాత్రం వద్దు. నిలబడి చేత్తో పట్టుకోనివ్వకండి. మన నడుము ఎత్తు నుంచి పడితే వెన్నెముక, కాళ్లు విరుగుతాయి.

తిరుచానూరు అమ్మ

అమ్మాయి చేత కూడా ఇలాగే నేల మీద కూర్చుని చేయిస్తాను. మరి పంజరం మార్చాలంటున్నారు కదా, ఎంత పెద్దది కావాలి? రంపపు పొట్టు మంచిది కాదా?

కొర్లగుంట కుర్రాడు

నేను చదువుకుంటూ గదిలో ఉంటున్నాను, పెద్ద పంజరం కొనే స్తోమత లేక ఇంట్లో దుప్పట్లు పెట్టుకునే పెద్ద పారదర్శక ప్లాస్టిక్ పెట్టెను వాడుతున్నాను. మూత మధ్య భాగం కోసేసి సన్నటి ఇనుప జాలీని బోల్టులతో బిగించాను. పాత చేపల తొట్టి దొరికితే అది కూడా బాగుంటుంది. జర్మనీ పశువైద్యుల జంతు సంక్షేమ సంఘం హ్యామ్‌స్టర్‌కు కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు ఉండాలని సూచిస్తుంది. నా పెట్టె పొడవు ఆ కొలతకు కొంచెం తక్కువే, రెండు పెట్టెలను గొట్టంతో కలపాలనుకుంటున్నాను. తీగల పంజరమే వాడాలంటే తీగల మధ్య సందు సెంటీమీటరు కంటే తక్కువ ఉండాలి. ఐదు వారాల పిల్ల తల దూరిన సందులో ఒళ్లంతా దూరిపోతుంది.

చక్రం తీగలది వెంటనే తీసేయండి, కాళ్లు ఇరుక్కుని విరుగుతాయి. పరిగెత్తే భాగం సందులు లేకుండా ఉండాలి. దాని వీపు వంగకుండా ఉండాలంటే ఈ జాతులకు సుమారు 20 సెంటీమీటర్ల వ్యాసం అవసరం.

ఎం.ఆర్.పల్లె మాస్టారు

పరుపు విషయంలో చిన్న వివరణ. కోత మిల్లు నుంచి తెచ్చే పొట్టు ఏ చెట్టుదో తెలియదు, దుమ్ము ముక్కుల్లోకి పోతుంది, సుగంధ నూనెలున్న దేవదారు, పైన్ జాతి కలప శ్వాసకోశాన్ని, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మన దగ్గర తేలికగా దొరికే వరి ఊక కూడా వద్దు. దాని మొనలు గరుకుగా ఉండి కంటికి, తిండి నింపుకునే బుగ్గ సంచులకు గుచ్చుకుంటాయి. కాగితంతో చేసిన బెడ్డింగ్ కొనండి, లేదా సిరా లేని తెల్ల కాగితం, టిష్యూ సన్నగా చించి, ఎండు గడ్డి కలిపి వేయండి. అన్నిటికంటే ముఖ్యం లోతు. కనీసం ఒక జానెడు మందం ఉండాలి, తవ్వితే సొరంగం కూలకూడదు. నా అనుభవంలో మచ్చికకు దీని కంటే పెద్ద మందు లేదు. దాక్కోవడానికి చోటు లేని పిల్ల మన చేతిని ఎదిరించక తప్పదు. తన బొరియ ఒక అడుగు దూరంలోనే ఉందని తెలిసిన పిల్ల ధైర్యంగా బయటికి వచ్చి వాసన చూస్తుంది.

స్నానం నీళ్లతో ఎప్పుడూ చేయించకండి. ఒక వెడల్పాటి గిన్నెలో ఇసుక పెడితే అందులో పొర్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటుంది, చాలావరకు మూత్రం కూడా అక్కడే పోస్తుంది, పంజరం వాసన తగ్గుతుంది. స్వర్ణముఖి ఇసుకను జల్లెడ పట్టి, నీళ్లు తేరేదాకా కడిగి, ఇనుప మూకుడులో బాగా వేయించి చల్లార్చి వాడుతున్నాను. ఇళ్లు కట్టే చోట దొరికే ఎం-శాండ్ మాత్రం వద్దు. అది పిండి కొట్టిన రాయి, దుమ్ము ఎక్కువ, మొనలు పదును.

పంజరం మొత్తాన్ని ఒకేసారి కడిగి కొత్త పరుపు వేస్తే దానికి తన ఇల్లు పోయినట్టవుతుంది. తడిసిన చోటు మాత్రం తీసి, పాత పరుపులో సగానికి పైగా తిరిగి కలపండి.

తిరుచానూరు అమ్మ

ఎండ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. మాది రెండో అంతస్తు, పైన స్లాబు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇంత చిన్న ప్రాణి తట్టుకుంటుందా?

పలమనేరు పెంపకందారు

తట్టుకోదు. మాది ఎత్తయిన ప్రాంతం కాబట్టి మీకంటే కొంత నయం, అయినా ఏప్రిల్, మే నెలల్లో నాకు ఇదే పెద్ద దిగులు. 18 నుంచి 24 డిగ్రీల మధ్య వీటికి హాయి. ముప్ఫైకి చేరువవుతుంటే కష్టం మొదలవుతుంది. తిరుపతిలో 40 దాటే రోజులు ఉంటాయి కనుక, ఒక గదిలోనైనా ఏసీ లేని ఇంట్లో వీటిని పెంచవద్దనే నేను అందరికీ చెబుతాను. ఇప్పటికే తెచ్చుకున్నవారు ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిని, వీలైతే కింది అంతస్తులో, ఉత్తరం వైపు, నేలకు దగ్గరగా ఎంచుకోండి. బాల్కనీ, కిటికీ పక్క, టీవీ పక్క వద్దు. ఏసీ గాలి నేరుగా పంజరం మీద పడకూడదు.

ఫ్యాను తిప్పితే చాలదా అని చాలామంది అడుగుతారు. మనకు చెమట ఆరి చల్లబడుతుంది. హ్యామ్‌స్టర్‌కు ఒంటికి చెమట పట్టదు కనుక వేడిగాలి వేడిగాలిగానే తగులుతుంది. ఎయిర్ కూలర్ గదిలో తేమ పెంచుతుంది, పరుపు బూజు పడుతుంది. కరెంటు పోయే సమయాలకు నేను వాడేవి మూడు. చిత్తూరు వైపు గ్రానైట్ పనివాళ్ల దగ్గర మిగిలిన నున్నటి పలక ముక్కను ఫ్రిజ్‌లో ఉంచి లోపల పెడతాను, అది దాని మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. చిన్న మట్టి కుండను అడ్డంగా పడుకోబెట్టి నీడగా ఉంచుతాను. గడ్డకట్టించిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పంజరానికి బయట, ఒక పక్కన మాత్రమే ఆనిస్తాను. చల్లగా ఉండే పక్క, మామూలుగా ఉండే పక్క రెండూ ఉంటే అదే ఎంచుకుంటుంది. థర్మామీటరును గోడకు తగిలించకండి, పంజరం ఉన్న ఎత్తులోనే ఉంచండి.

పశువైద్య విద్యార్థిని

వడదెబ్బ లక్షణాలు అందరూ గుర్తుపెట్టుకోవాలి: సాగిలపడి పడుకోవడం, వేగంగా శ్వాస తీయడం, మూతి చుట్టూ చొంగతో తడి, తూలుతూ నడవడం, పిలిచినా కదలకపోవడం. వెంటనే చల్లని గదికి మార్చి, మామూలు నీళ్లలో తడిపి పిండిన గుడ్డను పాదాలకు, చెవులకు తాకించండి. ఐస్ నీళ్లలో ముంచకండి, ఆ షాక్‌తోనే పోతుంది. తనంత తాను తాగగలిగితేనే మూతి దగ్గర నీటి చుక్క పెట్టండి, బలవంతంగా పోయకండి. కాస్త తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించాలి.

సంతపేట, చిత్తూరు

మాస్టారు చెప్పిన తేడా చదివాక మా దాని తీరును మళ్లీ గమనించాను, చెవులు వెనక్కి అణచే ఉంటున్నాయి. ఇకపై అరచేతి పద్ధతినే పాటిస్తాను. తిండి గురించి నా వంతు చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లో ఇది బాగా కుదిరింది. దుకాణంలో దొరికే రంగురంగుల మిశ్రమంలో పొద్దుతిరుగుడు గింజలు, మొక్కజొన్న, చక్కెర ముక్కలే ఎక్కువ. మన వైపు దొరికే కొర్రలు, సామలు, అరికెలు, సజ్జలు, కొద్దిగా ఓట్స్, గోధుమలు కలిపి, అవిసె, నువ్వులు, ఉప్పులేని గుమ్మడి గింజలు చిటికెడు వేస్తే చక్కటి ఆహారం అవుతుంది. మాంసకృత్తుల కోసం ఎండిన మీల్‌వార్మ్స్ (ఒక రకం పురుగులు), లేదా ఉడికించిన గుడ్డు. ఒక్కోదానికి రోజుకు చెంచాడు సరిపోతుంది. గిన్నెలో పోయకుండా పరుపులో చల్లండి. వెతుక్కుని తినడమే దానికి పని, ఆట. కొర్ర కంకి విడిగా దొరికితే నిలువుగా గుచ్చండి, ఎక్కి గింజలు రాల్చుకోవడం చూడముచ్చటగా ఉంటుంది.

ఎం.ఆర్.పల్లె మాస్టారు

బాగా చెప్పారు. డ్వార్ఫులకు, ముఖ్యంగా కాంప్‌బెల్ జాతికి, మధుమేహం వచ్చే గుణం ఉంది. అందుకని అరటి, ద్రాక్ష, మన తోతాపురి మామిడి, బెల్లం, బిస్కట్లు వద్దు. పిల్లలు ప్రేమతో ప్రసాదం లడ్డులోంచి పలుకు తీసి పెడతారు, వాళ్లకు నచ్చజెప్పండి. కీర, దోసకాయ, కొత్తిమీర ఆకు, గోరంత క్యారెట్ మంచివి, తిన్నంత తిననిచ్చి మిగిలింది రాత్రే తీసేయండి. ఉల్లి, వెల్లుల్లి, పచ్చి బంగాళాదుంప, బత్తాయి, నిమ్మ, పచ్చి రాజ్మా, చాక్లెట్ పెట్టకూడదు. వేరుశనగ మన జిల్లా పంటే అయినా కొవ్వు ఎక్కువ కనుక ఎప్పుడో ఒక బద్ద చాలు. అందులో కూడా ముడుచుకున్నవి, బూజు వాసన వచ్చేవి అసలు వాడకండి. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని నాశనం చేస్తుంది.

బుగ్గ సంచుల్లో నింపుకుని గూట్లో దాచుకుంటుంది కనుక గిన్నె ఖాళీ అయిందని మళ్లీ మళ్లీ నింపకండి. అలాగని దాచుకున్నదంతా ఊడ్చి పారేయకండి, పచ్చి కూర ముక్కలు మాత్రమే ఏరేయండి.

తిరుచానూరు అమ్మ

మగదానికి ఈ ఉదయం నుంచి తోక కింద తడిగా ఉంది, మలం నీళ్లలా ఉంది. ఇంట్లో పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ ఉంది, ఒక చుక్క వేయవచ్చా?

పశువైద్య విద్యార్థిని

వద్దండీ, దయచేసి వేయకండి. అమాక్సిసిలిన్, పెన్సిలిన్ తరగతి మందులు హ్యామ్‌స్టర్‌లకు విషంతో సమానం. పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, హానికర క్లోస్ట్రిడియం జాతి బ్యాక్టీరియా పెరిగి, కొద్ది రోజుల్లోనే ప్రాణం తీస్తాయి. ఇంత చిన్న ఒంట్లో నీరు గంటల్లోనే తగ్గిపోతుంది కనుక ఈరోజే చూపించండి. 1955లో మొదలైన మా పశువైద్య కళాశాల ఇప్పుడు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం, దానికి అనుబంధంగా ఆస్పత్రి ఉంది. అక్కడికైనా, చిన్న జంతువులను చూసే మరే డాక్టరు దగ్గరికైనా తీసుకెళ్లండి. గూటిలోని పాత పరుపుతో సహా చిన్న డబ్బాలో, గుడ్డ కప్పి, ఎండ ముదరకముందే బయలుదేరండి. కూర ముక్కలన్నీ ఆపేయండి, నీళ్లు, పొడి గింజలు మాత్రం అందుబాటులో ఉంచండి.

ఒక్క విషయం మీ ఇంటివారికి. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంట్లో గర్భిణులు ఉంటే పంజరం శుభ్రం చేసే పని వారికి ఇవ్వకండి; ఈ జాతుల నుంచి ఎల్‌సీఎంవీ అనే వైరస్ అరుదుగా సోకినా, కడుపులోని బిడ్డకు తీవ్రమైన హాని చేస్తుంది.

కొర్లగుంట కుర్రాడు

మన ఊరి పరిస్థితులకు సంబంధించి ఒక మాట. మే నెలలో గంగమ్మ జాతర రోజుల్లో మా వీధిలో డప్పులు అర్ధరాత్రిదాకా మోగుతాయి. ఆ రోజుల్లో పంజరాన్ని లోపలి గదికి మార్చి, మూడు పక్కలా దుప్పటి కప్పి, పరుపు మరింత లోతుగా వేస్తాను. మచ్చిక ప్రయత్నాలు ఆపేస్తాను. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చక్రం పొగ దాని ఊపిరికి మంచిది కాదు, ఆ గదిలో దోమతెర వాడండి. గింజలకు చీమలు పడితే మందు చల్లకుండా, బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి.

తిరుచానూరు అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు ఇచ్చిన మందుతో మగది కోలుకుంది. పెద్ద ప్లాస్టిక్ పెట్టెలు రెండు తయారు చేయించాము, తీగలు కొరికే చప్పుడు ఆగిపోయింది. ఆడది ఐదు పిల్లలను ఈనింది. మేము గూటి జోలికి పోలేదు. ఇప్పుడు వాటికి కళ్లు తెరుచుకున్నాయి, గూడు దాటి వస్తున్నాయి. మగది మాత్రం నిన్న అమ్మాయి అరచేతిలో కూర్చుని కొర్ర గింజ ఒలుచుకుంది. ఈ పిల్లలను ఎప్పటి నుంచి అలవాటు చేయాలి, ఎప్పుడు వేరు చేయాలి? మూడింటిని బంధువులు అడుగుతున్నారు.

పలమనేరు పెంపకందారు

చాలా సంతోషం. రెండు వారాలు దాటి కళ్లు తెరిచాయి కనుక ఇప్పుడు మొదలుపెట్టవచ్చు. తల్లి వేరే పక్క తింటున్నప్పుడు, దాని పరుపులో చేతులు రుద్దుకుని, అరచేతిని గూటి దగ్గర ఆనించండి. ఈ వయసులో కుతూహలం భయం కంటే ఎక్కువ, తామే ఎక్కుతాయి. అయితే ఇదే వయసులో గాలిలోకి ఎగిరి గెంతుతాయి కూడా. అందుకని చేతిని పరుపుకు ఆనించే ఉంచండి. రోజుకు కొద్ది నిమిషాలు చాలు. తల్లి కంగారుగా పిల్లలను నోట కరుచుకుని తిరగడం మొదలుపెడితే ఆ పూటకు ఆపండి. నీళ్ల సీసా మూతి పిల్లలకు అందేంత కిందికి ఉందో లేదో ఈరోజే చూడండి.

పశువైద్య విద్యార్థిని

మూడు వారాలకు పాలు మానతాయి. నాలుగో వారం పూర్తికాకముందే మగపిల్లలను, ఆడపిల్లలను విడదీయాలి, మగపిల్లలను తల్లి దగ్గర కూడా ఉంచకూడదు. ఇంకో వారమైనా గడిచి సొంతంగా బాగా తింటున్నాయని చూశాకే ఇవ్వండి. అన్నట్టు, 2018 నాటి కేంద్ర పెట్ షాప్ నియమాల ప్రకారం పెంపుడు జంతువులు అమ్మే దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలి. ఇకపై ఎవరైనా కొనదలచుకుంటే ఆ నమోదు పత్రం అడగండి.

ఎం.ఆర్.పల్లె మాస్టారు

బంధువులకు ఇచ్చే ముందు మూడు సంగతులు అడగండి: చల్లగా ఉంచగల గది ఉందా, ఒక్కోదానికి విడి పెట్టె సిద్ధం చేశారా, దాని రెండేళ్ల ఆయుష్షు మొత్తం చూసుకునే పెద్దవారు ఇంట్లో ఒకరైనా ఉన్నారా. పిల్లి ఉన్న ఇంటికి ఇవ్వకండి. ఇచ్చేటప్పుడు ఒక్కోదానితో పాటు రెండు గుప్పెళ్ల పాత పరుపు, ఇప్పుడు తింటున్న గింజల మిశ్రమం రెండు వారాలకు సరిపడా పొట్లం కట్టి ఇవ్వండి, కొత్త తిండికి కొద్దికొద్దిగా మార్చుకోమని చెప్పండి. ఎండలు తగ్గేవరకు పగటి బస్సులో పంపవద్దు. తెల్లవారుజామున తీసుకెళ్లమనండి, దారిలో నీళ్ల సీసా కారి పరుపు తడుపుతుంది కనుక దాని బదులు డబ్బాలో ఒక కీర ముక్క వేయండి.